కొసరుగా వదిలేసిన నాలుగు ఆదివారాలు

2023 ఆగస్టు మొదటి వారం. గవర్నర్‌పేటలో మా నాన్నగారి స్టీలు సామాన్ల కొట్టు మీది అంతస్తులో నేను ఫిట్‌నెస్ సెంటర్ పెట్టి అప్పటికి ఆరేళ్ళు. సెంటర్ అనగానే అద్దాల గోడలూ పెద్ద పెద్ద మిషన్లూ ఊహించుకోకండి. ఒక హాలు, నాలుగు రబ్బరు చాపలు, రకరకాల ఎత్తుల్లో చేయించిన చెక్కపీటలు, ఇసుక నింపిన సంచులు, అంతే. కింద బిందెలు ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు వచ్చే చప్పుడే మా పాట. బి.పి.ఎడ్. చదివి, ఒక ప్రైవేటు స్కూల్లో ఏడేళ్ళు ఆటల టీచరుగా ఈల ఊదీ ఊదీ విసిగిపోయి ఈ పనిలోకి వచ్చాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది హిమాలయాల్లో ట్రెక్కింగుకు వెళ్ళాలనుకునేవాళ్ళు. కృష్ణా జిల్లా మనుషులకు నడక కొత్తేం కాదు. చేలగట్ల మీదా కాలవ గట్ల మీదా పెరిగినవాళ్ళు ఎంత దూరమైనా నడుస్తారు. ఇబ్బందల్లా మన నేలతోనే. బెజవాడ దాటి అవనిగడ్డ వైపు వెళితే దారిలో ఎదురయ్యే పెద్ద ఎత్తు ఏ కాలవ మీదో కట్టిన వంతెన. అలాంటి చోట పెరిగిన కాళ్ళకు కొండ అంటే ఏమిటో విడిగా నేర్పాలి.

యాభై దాటి, పెద్ద జబ్బులేం లేని మనిషికి నా లెక్కలో పన్నెండు వారాలు కావాలి. మొదటి నాలుగు వారాలు ఊపిరికి. ఇందులో టాక్ టెస్ట్ అని ఒకటుంది: నడుస్తూ ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ వేగం మీకు సరిపోయినట్టు. మా పేటవాళ్ళకు మాత్రం నడుస్తూ బేరమాడి చూపించమంటాను. తర్వాతి నాలుగు వారాలు ఎక్కుడుకు. వీపున బరువు పెట్టుకుని పీట మీదికి ఒక్కో కాలితో ఎక్కి దిగే స్టెప్-అప్‌లు, గుణదలలో చర్చి ఉన్న కొండ మెట్లు. చివరి నాలుగు వారాలు దిగుడుకు. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువునంతా ఆపాలి, సైకిలు బ్రేకులాగా. దీన్ని ఎక్సెంట్రిక్ కంట్రోల్ అంటారు. పైకి వెళ్ళేటప్పుడు ఎవరూ పెద్దగా దెబ్బలు తగిలించుకోరు. మోకాళ్ళూ చీలమండలూ పాడయ్యేది కిందికి వచ్చేటప్పుడే. దీనికి మెట్లు చాలవు, ఎగుడుదిగుడు రాళ్ళ నేల కావాలి. అందుకని ఆ నెలలో నాలుగు ఆదివారాలు కొండపల్లి కొండలకు తీసుకెళ్ళి దిగడం నేర్పుతాను.

పన్నెండు వారాలన్నది నా లోపలి లెక్క. బయటికి పదహారని చెబుతాను. మా నాన్నగారి కొట్లో ఇడ్లీ పాత్రకు చెప్పే ధర వేరు, ఇచ్చే ధర వేరు. కొనేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. తగ్గించకుండా ఇస్తే ఏదో సొట్ట ఉందేమోనని పాత్రను తిప్పి తిప్పి చూస్తారు. ఆ గల్లాపెట్టె పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకున్న దాన్ని, నాకు వేరే పద్ధతి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఝాన్సీ గారు వచ్చింది అధిక శ్రావణం రోజుల్లో. పెళ్ళిళ్ళు లేవు, బట్టల బజారంతా ఈగలు తోలుకుంటోంది. మా వీధికి రెండు సందుల అవతల ఆవిడది మ్యాచింగ్ సెంటర్, అంటే చీరల మీదికి జాకెట్టు గుడ్డలూ లైనింగులూ ఫాల్సూ అమ్మే కొట్టు. వయసు యాభై ఆరు. సన్నగా, నిటారుగా ఉంటారు. రంగుల విషయంలో ఆవిడ మాటే ఆ బజారులో ఆఖరి మాట. నేనొకసారి నెమలికంఠం రంగు చీర తీసుకెళ్తే, నాకు ఒకేలా కనిపిస్తున్న మూడు తానుల్లోంచి ఒకటి లాగి, "ఇది. ఆ రెండూ ఎండలోకి పోతే పచ్చగొడతాయి" అన్నారు. ఎండలోకి తీసుకెళ్ళి చూశాను. నిజమే.

ఆ రోజు మెట్లెక్కి వచ్చి, చాప మీద కాకుండా పీట మీద కూర్చుని ఏ ఉపోద్ఘాతం లేకుండా చెప్పారు.

"అమ్మాయ్, నేను మంచుకొండ చూడాలి. ఫొటోలో కాదు, ఎదురుగా నిలబడి చూడాలి. నా కళ్ళు పోతాయన్నాడు డాక్టరు. వెనక పొర ఎండిపోతోందంట, మందు లేదంట. పోయేలోపల చూడాలి."

నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న ఇది: "ఎప్పటికి పోతాయన్నారండీ?"

"ఏడాదో, మూడేళ్ళో. వాడికి మాత్రం ఏం తెలుసు. నేనైతే ఈ అక్టోబరే అనుకుంటున్నా. చెప్పు, ఎన్ని వారాలు?"

"పదహారండీ."

"పదహారా! కొండెక్కడానికా, కొండ కట్టడానికా? ఎనిమిది చెయ్యి."

"ఎనిమిదంటే గుణదల మెట్లు కూడా ఎక్కలేరు. పద్నాలుగు."

"ఏవమ్మా, నేనేం ముసలిదాన్నా? పొద్దున తొమ్మిదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదింటికి కూర్చుంటా. తొమ్మిది వారాలు."

"పన్నెండు. ఇక నా వల్ల కాదు."

"పది. సరేనా? అను సరేనని. ఎలాగూ అక్టోబరు రెండో వారానికి రైలు టికెట్టు కొనేశా."

పగలబడి నవ్వాను. టికెట్టు కొనుక్కుని వచ్చి నాతో బేరమాడిన మనిషిని అంతవరకూ చూడలేదు. ఒక ట్రెక్కింగ్ సంస్థ ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఉత్తరాఖండ్‌లో పెట్టిన ఐదు రోజుల ప్రయాణమట. మూడో రోజు మధ్యాహ్నానికి ఒక గట్టు మీదికి చేరతారు, అక్కణ్ణుంచి మంచుకొండ నిలువునా ఎదురుగా కనిపిస్తుందట. భర్త ప్రసాదరావు గారికి గుండె ఆపరేషన్ అయింది, ఆయన వెళ్ళలేరు. ఆవిడ ఒక్కరే వెళతారు.

నా అసలు లెక్కలోంచి రెండు వారాలే పోయాయి. గట్టిగా చేయిస్తే సర్దేయవచ్చనుకున్నాను. అప్పుడు ఝాన్సీ గారు లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, బజారులో పుట్టిన ప్రతివాళ్ళూ చేసే పని చేశారు. కొసరు అడిగారు.

"మరి కొసరు?"

"వారాల్లో కొసరేంటండీ?"

"బేరమన్నాక కొసరు లేకుండా ఉంటదా? మీవాళ్ళను కొండపల్లి తిప్పుతావంటగా, ఆ ఆదివారాలు తీసెయ్. నిజ శ్రావణం వచ్చాక ఆదివారం కొట్టు వదిలి ఎక్కడికొస్తాను? ఎక్కడమే కష్టం గానీ, దిగడం ఎవరికి రాదమ్మా!"

నాకు తెలుసు, దిగడం అందరికీ రాదు. వేరేవాళ్ళయితే పైన రాసిన బ్రేకు పాఠమంతా చెప్పేదాన్ని. కానీ బేరం కుదిరాక కొసరు దగ్గర మొండికేయడం మా ఇంటా వంటా లేదు. బిందె కొన్న మనిషి గరిటె అడిగితే మా నాన్నగారు ముఖం చిట్లిస్తూనే ఇచ్చేవారు. నేనూ అదే ముఖం పెట్టి, "సరే, మీరు కాబట్టి" అన్నాను. అలా నాలుగు ఆదివారాలు గరిటెలాగా చేతిలో పెట్టి పంపించాను.

మొదటి ఆరు వారాల్లో ఆవిడ చేసిన పని చూసి మా బ్యాచ్‌లోని సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళు సిగ్గుపడ్డారు. ఇసుక సంచి వద్దని, బ్యాగులో లైనింగు గుడ్డ తాను పెట్టుకుని వచ్చేవారు. "ఇదైతే బరువు నాకు అలవాటే" అనేవారు. పీట మీద యాభై స్టెప్-అప్‌లు అయ్యాక నాడి చూస్తే నిమిషంలో మామూలుకు దిగేది. టాక్ టెస్ట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. గుణదల కొండ మెట్లు సగం ఎక్కేసరికి నాకు ఊపిరి అందేది కాదు గానీ, ఆవిడ మాత్రం ఉల్లిపొర రంగుకూ గంధం రంగుకూ తేడా తెలియని సేల్స్ గర్ల్స్‌ని తిడుతూనే ఉండేవారు.

ఒక్కదాని దగ్గర పేచీ పెట్టారు. మా బ్యాచ్ పొద్దున ఐదున్నరకు మెట్ల దగ్గర కలుస్తుంది. ఆవిడ ఆరున్నరంటే గానీ రానన్నారు.

"చీకట్లో ఏం కొండలమ్మా. వెలుతురొచ్చాక వస్తా."

"ఎండెక్కితే భక్తులు వస్తారండీ, వాళ్ళకు అడ్డం."

"పక్కనుంచి ఎక్కుదాంలే. వారానికి ఒకరోజు ఎక్కువొస్తా, పో."

ఒకరోజు ఎక్కువ దొరికిందని సంబరపడ్డాను. పెద్దింటి ఆడవాళ్ళకు పొద్దున్నే లేవడం బద్ధకం అనుకున్నాను, కొట్టు నడుపుకునే మనిషిని పట్టుకుని!

ఇంకొకటి కూడా ఉంది. పైకి ఎక్కేటప్పుడు గబగబా ముందు నడిచే మనిషి, దిగేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి దిగేవారు. ఒక చెయ్యి కమ్మీ మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద. దిగుతున్నంతసేపూ ఏవో కబుర్లు. పెళ్ళయిన కొత్తలో అత్తగారితో పడ్డ పాట్లు, కొట్టు పెట్టినప్పుడు ముహూర్తానికి కరెంటు పోవడం, ఇలాంటివే. నాకు అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ చెయ్యి భుజం మీద ఉంటే బాగుండేది. నన్ను దగ్గరి మనిషిగా చూస్తున్నారని మురిసిపోయాను.

తొమ్మిదో వారంలో ఒకరోజు జాకెట్టు గుడ్డకని కొట్టుకు వెళ్ళాను. ప్రసాదరావు గారు ఒక్కరే ఉన్నారు. తక్కువ మాట్లాడే మనిషి. గుడ్డ కొలుస్తూ అడిగారు.

"ఎలా చేస్తందండీ మా ఆవిడ?"

"అదిరిపోతున్నారండీ. కొండ ఈవిణ్ణి చూసి భయపడాలి."

"మెట్లు దిగేటప్పుడు... బానే దిగుతందా?"

"నా భుజం మీద చెయ్యేసి, కబుర్లు చెప్తూ దిగుతారు. మేమిద్దరం అంత క్లోజండీ."

ఆయన కత్తెర ఆపి నా వంక చూశారు. ఏదో అంటారనుకున్నాను. గుడ్డ కత్తిరించి, మడతపెట్టి కవర్లో వేశారు. అంతే.

బయలుదేరే ముందు నేను ప్రతి ఒక్కరికీ ఒక ఫారం నింపుతాను. బీపీ, షుగరు, ఈసీజీ, ఆస్తమా, మోకాళ్ళు, నడుము, పాత ఆపరేషన్లు, నాడి. ట్రెక్కింగ్ సంస్థవాళ్ళకు అది పంపాలి. ఝాన్సీ గారి ఫారం నింపుతుంటే నాకే గర్వంగా అనిపించింది. ప్రతి గడిలోనూ బాగు, బాగు అని రాసుకుంటూ పోయాను. కింద 'ఫిట్' అని రాసి, స్టాంపు వేసి, సంతకం చివర ఒక తోక కూడా గీశాను. ఆ ఫారంలో కళ్ళకు గడి లేదు. వాటి గురించి నాతో మాట్లాడింది ఆవిడ ఒక్కరే, అదీ మొదటి రోజే. అయినా నాకు తట్టలేదు.

అక్టోబరులో ఆవిడ ట్రెక్కు మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం ప్రసాదరావు గారు ఫోన్ చేశారు. పడిపోయిందట, చీలమండ విరిగిందట, గుర్రం మీద కూర్చోబెట్టి కిందికి తెచ్చారట. అక్కడ ఆస్పత్రిలో తాత్కాలికంగా కట్టు కట్టి, రెండు రోజులకు విమానంలో పంపించారు. గన్నవరం ఎయిర్‌పోర్టుకు ఆయనతో నేనూ కారులో వెళ్ళాను. దారిపొడవునా ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. ఇక ఎయిర్‌పోర్టు దగ్గర పడుతుండగా, నా వంక తిరక్కుండానే అన్నారు.

"ఇంట్లో మెట్లు దిగడానికే గోడ పట్టుకుంటదండీ. రెండేళ్ళయింది."

"ఎందుకండీ?"

"కింద కనపడదు. పక్కలా కనపడదు. ఎదురుగా ఇంత మేర కనపడుద్ది." బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాజంత గుండ్రం చుట్టి చూపించారు. "అందులోంచి చూస్తే రంగులన్నీ బాగానే ఉంటయ్యంట. చీకటి పడితే అదీ ఉండదు."

ఆయన వైపు తిరిగి అడిగాను. "నాకు చెప్పలేదేమండీ? ఆ రోజు కొట్లోనైనా చెప్పలేదే?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. చెప్తే మీరు ఆపేస్తారని. పైగా మీ భుజం పట్టుకుంటందన్నారుగా, మీకు తెలిసే ఉంటదిలే అనుకున్నా."

బిందె చేతిలోకి తీసుకున్న తీరు చూసి కొంటారో కొనరో చెప్పేస్తానని మా ఇంట్లో నాకు పేరు. ఇరవై ఏళ్ళ గిరాకీలను చదివిన దాన్ని, రెండు నెలలు నా భుజం మీద ఉన్న చేతిని చదవలేకపోయాను. 'కళ్ళు పోతాయి' అని ఆవిడ చెప్పినప్పుడు నేను విన్నది గడువు ఒక్కటే. కొనేవాళ్ళు తొందరలో ఉన్నారని తెలిస్తే అమ్మేవాళ్ళ చెవి మిగతా మాటలు వినదు. ఎప్పుడు పోతాయని అడిగాను. ఇప్పటికే ఎంత పోయిందని అడగలేదు. అది కాళ్ళకు సంబంధించిన విషయమని తట్టనే లేదు.

వీల్‌చెయిర్‌లో బయటికి వచ్చిన ఝాన్సీ గారు నన్ను చూసి నవ్వబోయారు. కుడికాలు మోకాలి దాకా కట్టు.

"బాగా ఎక్కానమ్మాయ్. మా గుంపులో అందరికంటే ముందు నేనే" అన్నారు.

ఆపరేషన్ చేసి ప్లేటు వేశాక, ఇంటికి చూడటానికి వెళ్ళినప్పుడు మిగతాది చెప్పారు. దిండు మీద కాలు పెట్టుకుని, గోడ వైపు చూస్తూ.

"మూడో రోజమ్మా. పొద్దున్నించీ ఎక్కుడే. గైడు కుర్రాడు పక్కనున్నాడు. ఇదిగో ఈ మలుపు తిరిగితే చిన్న దిగుడు, దిగాక మళ్ళీ కాస్త ఎక్కుడు, అరగంటలో కొండ మీ ఎదురుగా ఉంటదన్నాడు. ఇంకా పైకెక్కడమే ఉందనుకున్నా గానీ మధ్యలో ఈ దిగుడేంటనుకున్నా. రాళ్ళు, తడి. చెయ్యి పట్టుకోమని వాణ్ణి అడగడానికి సిగ్గేసింది. అందరికంటే ముందు ఎక్కినదాన్ని. కిందికి చూశా. నా కాలు నాకు కనపళ్ళా."

"ఎందుకు దాచారండీ?"

"దాచానా? మొదటి రోజే చెప్పాగా." దిండు మీద కాలు కాస్త జరుపుకుని అన్నారు. "దాచాన్లే. కొండపల్లి రాళ్ళ మీద దింపితే పట్టేస్తావని ఆ ఆదివారాలు తీసెయ్యమన్నా. అంత తేలిగ్గా ఇస్తావనుకోలా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

అరగంట దూరంలో ఆగిపోయారు. కొండ చూడలేదు. చూడటానికే వెళ్ళిన మనిషి. ట్రెక్కు అంటే పైకి ఎక్కి, చూసి, ఆ తర్వాత దిగడమని ఆవిడ అనుకున్నారు. పైకి వెళ్ళే దారిలోనే దిగుళ్ళుంటాయన్న సంగతి ఇక్కడ ఆవిడ చుట్టూ ఉన్నవాళ్ళలో తెలిసింది నా ఒక్కదానికే. కొసరు ఇచ్చినప్పుడు ఏమిస్తున్నానో కనీసం నోటితోనైనా చెప్పి ఉండాల్సింది.

"మేలో మళ్ళీ పెడతారంట" అన్నారు ఆవిడ. "ఎన్ని వారాలు కావాలి?"

"కాలు నేల మీద పెట్టమని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఇరవై అండీ."

ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. "సరే" అన్నారు.

డిసెంబరు చివర మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి దిగుడు ఒక్కటే. ముందు హాల్లో పీట మీద నుంచి, నేల తగిలిందో లేదో పాదంతో చూసుకుని, అప్పుడు బరువు వేయడం. తర్వాత మెట్లు. కంటితో పని లేకుండా వేలి చివరతో మెట్టు అంచు వెతుక్కోవడం, చేతికర్ర ముందు వేసి లోతు చూసుకోవడం, మెట్లు లెక్కపెట్టుకోవడం. ఇలాంటివి మా చదువులో లేవు. కళ్ళు లేనివాళ్ళకు నడక నేర్పే ఒక టీచరమ్మను బతిమాలి నేనూ నేర్చుకున్నాను. మొదటి పది రోజులు నేనూ కళ్ళకు గంతలు కట్టుకుని మా కొట్టు మెట్లు దిగాను. రెండోరోజే మూడు బిందెలు తన్నేసి మా నాన్నగారితో తిట్లు తిన్నాను. నవ్వొచ్చే సంగతే గానీ, ఆ మెట్ల మీద నిలబడి కాలు గాల్లోకి చాచినప్పుడు, ఆ కొండ దారిలో ఆవిడకు ఎలా ఉండి ఉంటుందో మొదటిసారి తెలిసింది.

ఫిబ్రవరి కల్లా ఝాన్సీ గారు నా భుజం వదిలేశారు. కాలు నెప్పి ఉన్నా మాట్లాడకుండా చేసేవారు. కబుర్లు తగ్గిపోయాయి. కొట్లో కూర్చోవడం కూడా తగ్గించారని తర్వాత తెలిసింది. గంధం రంగు అడిగితే ఉల్లిపొర రంగు ఇచ్చారట ఎవరికో.

మార్చిలో ఒకరోజు పది గంటలప్పుడు గుణదల మెట్లు పైదాకా ఎక్కాం. ఆ పైన నిలబడితే కాలవ, రైలు పట్టాలు, దాబాల మీద నీళ్ళ ట్యాంకులు, ఊరంతా కనిపిస్తుంది. ఎప్పుడూ అక్కడ ఆగి, ఇటు అటు తల తిప్పుతూ కాసేపు చూడటం ఆవిడకు అలవాటు. ఆ రోజూ ఆగారు. చాలాసేపు తల తిప్పి చూశారు.

"ఇవాళ మబ్బుగా ఉందేంటమ్మాయ్?"

ఆకాశంలో మబ్బుతునక లేదు. పిట్టగోడ చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. అమ్మకం మధ్యలో సొట్ట బయటపడితే ఏదో ఒకటి చెప్పి సర్దేసే నాలుక నాది. అదే పని చేసింది.

"అవునండీ. మబ్బు పట్టింది."

ఆవిడ ముఖం పైకెత్తారు. తర్వాత అరచెయ్యి నడినెత్తి మీద పెట్టుకుని కాసేపు అలాగే ఉంచుకున్నారు.

"నెత్తి మాడిపోతంటే మబ్బేంటే?" అన్నారు మెల్లగా.

నేను నేల వంక చూస్తూ నిలబడ్డాను. కొవ్వొత్తులు పట్టుకుని ఒక కుటుంబం మా పక్కనుంచి వెళ్ళింది. వాళ్ళు దాటేదాకా ఝాన్సీ గారు ఆగారు.

"మేకి టికెట్టు కొనలేదులే" అన్నారు. "పద, దిగుదాం."

నేను ముందుకు వెళ్ళి భుజం ఇవ్వబోయాను. చేత్తో పక్కకు జరిపేశారు. కమ్మీ కూడా పట్టుకోలేదు. కర్ర ముందు, పాదం వెనక, వేలి చివరతో అంచు, తర్వాత బరువు. ఒక్క మెట్టు తప్పలేదు. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా తడబాటు లేదు. ఇన్నేళ్ళలో నేను నేర్పిన అందరిలోకీ అంత చక్కగా దిగిన మనిషి ఇంకొకరు లేరు. కింద ఆటో ఎక్కించినప్పుడు నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేశారు. ఆ తర్వాత సెంటర్‌కి రాలేదు.

ఈ కేసు తర్వాత నా పనిలో కొన్ని మార్చాను. ఫారంలో మొదటి గడి కళ్ళది. ఎవరు వచ్చినా వారాల మాట ఎత్తకముందే మా కొట్టు మెట్ల మీదికి తీసుకెళ్ళి, ఏమీ పట్టుకోకుండా పది మెట్లు దిగమంటాను, నేను పక్కన నిలబడి పాదాలు చూస్తాను. మొదటి వారం నుంచే దిగుడు. పన్నెండు వారాలు కావాలంటే పన్నెండనే చెబుతాను. తగ్గదా అంటారు. తగ్గదు అంటాను. కొంతమంది ముఖం మాడ్చుకుని వెళ్ళిపోతారు, వాళ్ళకు ఎక్కడో ఒకచోట ఎనిమిది వారాల్లో చేసేవాళ్ళు దొరుకుతారు కూడా. ఎవరైనా నా దగ్గర ఒక పాఠం మానేస్తామంటే, ఎందుకు మానేద్దామనుకుంటున్నారని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చుంటాను. మనిషి వద్దనే పాఠంలోనే సాధారణంగా వాళ్ళ భయం ఉంటుంది. ఆ భయమేమిటో అడగడం నా పని. ఝాన్సీ గారిని అడగలేదు. అడిగి ఉంటే ఆ అక్టోబరు బదులు ఇంకో ఆరు నెలలు ఆగేవారో, గైడు చెయ్యి పట్టుకుని ఆ చిన్న దిగుడు దిగేవారో, ఇప్పుడు చెప్పలేను. అప్పటికి ఆవిడ కళ్ళలో కొండ పట్టేంత చూపు ఉందని మాత్రం చెప్పగలను.